తెర మీద పద్నాలుగు

2002 సెప్టెంబర్ 18, బుధవారం ఉదయం 7.40కి జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్‌లో ఒక రోలింగ్ మిల్లు సెల్లార్‌లో గ్యాస్ పట్టి ఇద్దరు పడిపోయారు. ఫర్నేస్‌కి వెళ్లే బొగ్గు గ్యాస్. 8.05కి ముసుగు వేసుకుని చేతి మీటర్‌తో దిగిన సేఫ్టీ మనిషికి గాలిలో గ్యాస్ 640 పీపీఎం వచ్చింది. యాభై లోపు ఉంటేనే దిగాలని పైన కంట్రోల్ క్యాబిన్ గోడ మీద హిందీలో రాసి ఉంది. ఆ రాత కింద ఉన్న కంప్యూటర్ తెర మీద 14 ఉంది.

9.45కి సౌజన్య ఆ తెర ముందు కూర్చుంది. ఆ తెర మీద కనిపించేదంతా నడిపే ప్రోగ్రాం రాసింది ఆమె. పడిపోయిన ఇద్దరిలో ఒకరు ఆమె తండ్రి సూర్యం.

మొదట అనుకున్నది, అంకె తగ్గిందన్నమాట అని. గ్యాస్ కట్టేశారు, సెల్లార్ తలుపులు తెరిచారు, గాలి ఆడింది, 640 నుంచి 14కి దిగింది. ఆ ఆలోచన నాలుగు సెకన్లు నిలిచింది, ఎందుకంటే అంకె పక్కన గడియారం ఉంది, 9.45.11, 9.45.12, అలా నాలుగు లెక్కపెట్టింది. ఐదో సెకనుకి ఇంకోటి గుర్తొచ్చింది. ప్రతి ముప్పై సెకన్లకీ కొత్త రీడింగ్ వచ్చినప్పుడు అంకె ఒక్కసారి చెరిగి మళ్లీ పడుతుంది. పాతదీ కొత్తదీ ఒకటే అయినా చెరిగి పడుతుంది. రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి చూసేవాళ్లకి తెలీదు, రాసినవాళ్లకి తెలుసు. 9.45.30 అయింది. అంకె చెరగలేదు. 9.46.00. చెరగలేదు. ఇంకో ముప్పై ఆగుదాం అనుకుంది. 9.46.30. గడియారం మాత్రం 31, 32, 33. చెయ్యి మౌస్ మీద ఉంది. పక్కన టేబుల్ మీద సెల్లార్‌లోకి దిగేవాళ్లు రాసే రిజిస్టర్ తెరిచి ఉంది. ఆఖరి వరసలో 7.31, రీడింగ్ 14, కింద దిగిన ఇద్దరి పేర్లు, సూర్యం, కూర్మారావు, రెండూ నాన్న చేతి రాతే. నాన్న నాలుగుకి తోక పెడతాడు. అది పలాస దగ్గర బడిలో రెండో తరగతి దాకా నేర్చుకున్న నాలుగు. ముప్పై ఏళ్లు ఇక్కడ గేటుపాసుల మీద, టైమ్ ఆఫీసు కాగితాల మీద రాసినా ఆ తోక పోలేదు. నాన్న చూసే రాశాడు. తెర మీద 14 ఉంది, 14 అని రాశాడు. దిగాడు.

స్కూటర్ మీద వస్తున్నప్పుడు కౌశిక్ సార్ ఖర్కాయి వంతెన మీద ఎందుకు నెమ్మది చేశాడో ముందు అర్థం కాలేదు. వెనక ట్రక్కు హారన్ కొడుతోంది, ఆయన తల తిప్పకుండా, సౌజన్యా, మీ నాన్నగారు కూడా ఉన్నారు అన్నాడు. ఎక్కడ ఉన్నారు అని అడిగింది. వంతెన అయిపోయాక చెప్పాడు, పడిపోయిన ఇద్దరిలో అని. ఈ మిల్లు పని తెచ్చింది ఆయనే. అగ్రికోలో పుట్టి పెరిగిన మనిషి, కాసిడీహ్‌లో స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు పైన రెండు గదుల ఆఫీసు పెట్టుకున్నాడు, నలుగురు పనిచేస్తారు, జావా వచ్చింది ఆమెకొక్కదానికే. నేను హాస్పిటల్‌కి వెళ్తాను సార్ అంది గేటు దగ్గర. వెళ్లొచ్చు, లోపలికి ఎలాగూ ఎవర్నీ రానివ్వడం లేదు, మీ తమ్ముడు అక్కడే ఉన్నాడు, ముందు ఒక్కసారి సిస్టం చూడు అన్నాడు. పొద్దున్నుంచి తాళం వేసి ఉన్న క్యాబిన్ వీళ్లిద్దరి కోసం తీశారు. తీసిన గార్డు బయటే నిలబడ్డాడు. సార్ ఆమె వెనక నిలబడి, ఆమె చూసినంతసేపూ తనూ తెర చూశాడు. 9.48 అయ్యాక ఆయన గొంతు వినిపించింది.

"రీడింగ్ ఆగిపోయింది కదా?"

"అవును సార్."

"రీస్టార్ట్ చెయ్యి."

"సార్?"

"మూసి తెరువు, అంతే. పదిన్నర ఆ ప్రాంతంలో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆయన వచ్చేసరికి నడుస్తూ ఉండాలి."

"లాగ్ ఫైల్ ఉంటుంది సార్, ఏ రీడింగ్ ఎప్పుడొచ్చిందో."

"దాని సంగతి నాకొదిలెయ్."

"నాన్న రిజిస్టర్లో పద్నాలుగని రాశాడు."

"చూశాను." కౌశిక్ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. "రోజూ రాసేదే కదా. చూడకుండా అలవాటుగా రాసేశాడంటారు. అంతకంటే ఎవరూ ఏమీ అనరు. నీ పేరు రాదు. ఆయన బాగై వచ్చాక ఆయనే అంటాడు చూడు, కూతురి పేరు రాకపోవడమే మేలయిందని."

ఆయన ఫోన్ చేసుకోవడానికి బయటికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. ఆయన అన్నది నిజం. నాన్న అలాగే అంటాడు. మంచం మీంచి లేవకముందే అంటాడు, నాను సూడనేదు, అలవాటుకొద్దీ రాసేసేను అని ఇన్‌స్పెక్టర్ ముందు సంతకం పెట్టి మరీ చెప్తాడు. మౌస్ కదిపితే బాణం తెర మీద కుడి మూలకి పోయింది, అక్కడ మూసే గుర్తు ఉంది. ఒక్క నొక్కు. మళ్లీ తెరిస్తే ముప్పై సెకన్లలో కొత్త అంకె వస్తుంది, ఐదో ఆరో, గాలి ఆడిన సెల్లార్ అంకె. దాని పక్కన గడియారం తిరుగుతుంది. రిజిస్టర్లో 14 అబద్ధం అవుతుంది.

గడియారం నాన్న అడిగితే పెట్టింది. అడగలేదు, నాన్న వేరేది అడిగాడు. ఫిబ్రవరిలో, బర్మామైన్స్ ఇంట్లో, నాన్న ఆరోజు మొదటిసారి తెర చూసి వచ్చి, బయట తొట్టి దగ్గర చేతులు సబ్బుతో తోముకుంటున్నాడు. అంకె ఒకటే ఉందే, గంట సూసినా అదే ఉందే అన్నాడు. గ్యాస్ మారకపోతే అంకె మారదు నాన్నా అంది. అయితే మరి, "మిషను బతికుందో సచ్చిందో మాకెలగ తెలుత్తాది?" అన్నాడు. ఫిట్టర్ అడగాల్సిన ప్రశ్న అది. గేజ్ ముల్లు కదలకపోతే వేలితో కొట్టి చూసేవాడి ప్రశ్న. ఆమె మర్నాడు ఆఫీసులో పది నిమిషాల్లో గడియారం పెట్టేసింది. ఇప్పుడు చూడు నాన్నా, గడియారం నడుస్తోందంటే మిషన్ బతికున్నట్టే అంది. ఆ మాట నాన్న మిల్లులో అందరికీ చెప్పాడు. కూర్మారావు మావయ్యకి చెప్పాడు, షిఫ్టు మారిన ప్రతివాడికీ చెప్పాడు, గడియారం సూడండ్రా, అది తిరుగుతుంటే బతికున్నట్టే. చివరి రీడింగ్ ఎన్నింటికి వచ్చిందో ఆ టైమ్ చూపించాల్సింది. పది నిమిషాలు కాకపోతే పదిహేను పట్టేది. గడియారం నడిపేది ఒకటి, సెల్లార్ అంకె తెచ్చేది ఇంకొకటి, ఒకే ప్రోగ్రాం లోపల ఇద్దరు పనివాళ్లు, ఒకడు చస్తే రెండోవాడికి తెలీదు. అది ఆమెకి తెలుసు. నాన్నకి తెలీదు. నాన్న బతికి ఉన్నవాణ్ణి చూసి దిగాడు.

థ్రెడ్ అంటే ఏంటని తమ్ముడు జయప్రకాష్ అడిగినప్పుడు దాలమ్మ గురించి చెప్పింది. బర్మామైన్స్‌లో వాళ్ల గోడకి అవతల గోడ దాలమ్మది. గంటకోసారి గోడ మీంచి తల పెట్టి, "ఏటే నూకమ్మా, ఏటొండేవు?" అని అడిగేది. ఉదయం వండిందే సాయంత్రం దాకా ఉంటుందని తెలిసినా అడిగేది. అమ్మ చెప్పేది. దాలమ్మ వెళ్లి తన పని చేసుకుని మళ్లీ వచ్చి అడిగేది. ప్రోగ్రాంలో ఒక దారం కూడా అంతే, ముప్పై సెకన్లకోసారి కిందికెళ్లి సెల్లార్‌లో గ్యాస్ కొలిచే ప్యానెల్‌ని అడుగుతుంది, ఎంత అని. ప్యానెల్ చెప్పింది పట్టుకొచ్చి తెర మీద పెడుతుంది, లాగ్‌లో రాస్తుంది, యాభై దాటితే సైరన్ మోగిస్తుంది. వెళ్లి పడుకుంటుంది. మళ్లీ లేస్తుంది. మనం చెప్పక్కర్లేదు, మన పని మనం చేసుకోవచ్చు, వెనకాల దాని పని అది చేసుకుంటుంది. "మత్‌లబ్ దాలమ్మ ఆంటీ కంప్యూటర్ మే ఘుస్ గయీ" అని, దాలమ్మ కంప్యూటర్‌లో దూరిపోయిందని వాడు నవ్వాడు. ఆఫీసులో కూడా ఆ పేరే పడిపోయింది. కౌశిక్ సార్ కూడా, దాలమ్మ నడుస్తోందా అని అడిగేవాడు.

అయితే దాలమ్మ కథ అంతటితో అవలేదు. ఒకరోజు అమ్మకి జ్వరం. దాలమ్మ గోడ మీంచి అడిగింది, అమ్మ పలకలేదు. ఇంకోసారి అడగలేదు దాలమ్మ. తల దించేసింది. రెండేళ్లు గోడ మీద కనబడలేదు. ఒక్కసారి జవాబు రాలేదని. ఇది ఎందుకు గుర్తొస్తోందంటే, అప్పట్లో జావాతో సిద్ధంగా వచ్చే కోడ్, దాని లైబ్రరీ, గురించి రాసిన కాగితాలు చదువుతున్నప్పుడు కూడా ఇదే గుర్తొచ్చింది. టైమర్ కింద పెట్టిన పని ఏదైనా మధ్యలో తప్పు తగిలి ఆగిపోతే ఆ దారం అక్కడితో ముగుస్తుంది, మళ్లీ లేవదు, మిగతా ప్రోగ్రాంకి చెప్పదు. కాసిడీహ్ ఆఫీసులో, కింద కుట్టు మిషన్ల చప్పుడులో, ఆ వాక్యం చదివింది. దాలమ్మ లాంటిదే ఇది అనుకుని నవ్వుకుంది. నవ్వింది. జవాబు రాకపోయినా అలగకుండా మళ్లీ వెళ్లేలా నాలుగు లైన్లు రాయాలి అనుకుంది. నోట్‌బుక్‌లో రాసుకుంది. ఎడం పేజీలో కింద, పెన్సిల్‌తో, జవాబు రాకపోతే, అని రాసి పక్కన ప్రశ్న గుర్తు. సోమవారం డెమో ఉంది, ఆ లైన్లు రాయలేదు. ప్యానెల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందని మిల్లువాళ్లు చెప్పారు, దానికి బ్యాటరీ కూడా ఉంది, కరెంటు పోయినా ఆగదు, ఆగని ప్యానెల్ జవాబు ఎందుకివ్వదు. పాత బజర్ కూడా తీసేశారు, ఊరికే మోగుతోందని, సైరన్ కంప్యూటర్ చెప్తేనే మోగేలా వైరు మార్చారు. అంటే ఎవరు అడిగినా అడగకపోయినా అరిచేది ఒకటుండేది, అదీ దాలమ్మ చేతికే ఇచ్చారు.

10.20కి క్యాబిన్ ఫోన్ మోగింది. తమ్ముడు.

"దీదీ?"

"నాన్నెలగున్నాడు?"

"మాస్క్ లగాయా హై. ఏక్ బార్ ఆంఖ్ ఖోలే థే." ఒక్కసారి కళ్లు తెరిచాడట.

"ఏటైనా అన్నాడా?"

వాడు ఇంట్లో తెలుగు మాట్లాడడు, అమ్మ తెలుగులో అడిగితే హిందీలో చెప్తాడు. ఇప్పుడు తెలుగులో చెప్పాడు, నాన్న అన్నది అన్నట్టు. "కూర్మారావు పైకొచ్చేడా అని అడిగేడు."

"నువ్వేటి సెప్పేవు?"

"కుఛ్ నహీ."

"మావయ్యెక్కడున్నాడురా?"

"మామా నహీ రహే, దీదీ. నౌ బజే."

"అమ్మకి తెలుసా?"

"అమ్మ వత్తంది. ఆటోలో ఉంది." ఇదీ తెలుగులోనే.

ఫోన్ పెట్టేసింది. తెర మీద 10.22.40. తొమ్మిదికి. తొమ్మిదికి తను ఆఫీసు మెట్లెక్కుతోంది. నిన్న తొమ్మిదికి ఇంట్లో అమ్మ జడ వేస్తోంది, మిల్లుకి వెళ్లడానికి. నిన్న సెప్టెంబర్ 17. నిన్న విశ్వకర్మ పూజ. ఆ మాట దగ్గర చెయ్యి మౌస్ మీంచి లేచిపోయింది, ఎవరో లాగినట్టు. ఈ ఊళ్లో పుట్టి ఇరవై నాలుగు సెప్టెంబర్లు చూసింది. ఆరోజు లేత్ తిరగదు, సుత్తి లేవదు, డ్రిల్లుకీ రెంచికీ బొట్టు పెట్టి పేర్చుతారు, రిక్షావాడు రిక్షా కడిగి దండ వేసి రోజంతా తొక్కడు. నడిచే ప్రతిదాన్నీ ఆపుతారు. చిన్నప్పుడు అమ్మ కత్తెర కూడా తియ్యనిచ్చేది కాదు. ఆరోజు ఆగనిదేదీ ఈ ఊళ్లో ఉండదని తెలిసిన మనిషి, ప్యానెల్ ఎప్పుడూ ఆగదు అని మిల్లువాళ్లు చెప్పగానే సరే అని తలూపింది. వాళ్లు కూడా మిగతా మూడువందల అరవై నాలుగు రోజుల గురించి చెప్పారు. పూజ రోజుని ఎవరూ రోజుల్లో లెక్కెయ్యరు.

నిన్న పదకొండున్నరకి అమ్మతో ఈ క్యాబిన్‌కి వచ్చింది. ఆరోజు ఇంటివాళ్లని లోపలికి రానిస్తారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. క్యాబిన్‌లో మానిటర్‌కి బంతిపూల దండ, నుదుటి మీద సిందూరం, ఇప్పుడు కూడా ఉంది అది, కాస్త రాలి కీబోర్డు మీద పడి ఉంది. అమ్మా, ఇది నేను రాసింది అని చూపించింది. 14. గడియారం తిరుగుతోంది. అమ్మ రెండు చేతులూ జోడించింది తెరకి. నాన్న పక్కవాళ్లకి, మా అమ్మాయిదే అన్నాడు. అప్పుడు కూర్మారావు మావయ్య ప్రసాదం పట్టుకొచ్చాడు, విస్తరాకు దొన్నెలో బూందీ. ఏటమ్మా ఇంజినీరమ్మా అని పెట్టాడు చేతిలో.

"నీ మిషనుకి బొట్టెట్టేను, దండేసేను. అంతేనా? కింద పేనల్ కూడా ఆపేసేను పూజకి ముందే. ఏడాది పొడుగునా ముక్కెట్టి వాసన సూత్తానే ఉంది పాపం. దానికీ రెస్టియ్యాలా వద్దా?"

"నువ్వేసుకో రెస్టు, దాని పేరు సెప్పి" అన్నాడు నాన్న.

"నాకెక్కడిది బావా? పైకి పోయినాకే." నవ్వాడు మావయ్య. "సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఏసేత్తాలే అమ్మా, బెంగెట్టుకోకు."

ఆమె నవ్వింది. బూందీ తింది. చేతికంటిన నెయ్యి జేబురుమాలుకి తుడుచుకుంది. ప్యానెల్ ఆపానని ఆ మనిషి తన మొహాన్నే చెప్పాడు, తెర రెండడుగుల దూరంలో ఉంది, ఆపిన ప్యానెల్ పద్నాలుగని ఎలా చెప్తుంది అని ఒక్క ప్రశ్న. తల తిప్పి చూస్తే చాలు. ప్యానెల్ ఆగి ఉంది, తెర 14 అంటోంది, ప్రోగ్రాం రాసిన మనిషి నోట్లో బూందీ ఉంది. జవాబు రాలేదు, వచ్చింది ఖాళీ, ఖాళీని అంకెగా మార్చబోయి దారం పడిపోయింది, పూజకి ముందే, తను ఇంట్లో జడ వేయించుకుంటున్నప్పుడే. తను అమ్మకి చూపించింది చచ్చిపోయిన దాన్ని. అమ్మ దండం పెట్టింది దానికి. మావయ్య నాలుగింటికి మాట ప్రకారం ప్యానెల్ వేసే ఉంటాడు. వేశాడు, కింద దాని దీపం వెలుగుతోందని గార్డు చెప్పాడు ఇందాక. రాత్రంతా ప్యానెల్ చెప్పడానికి సిద్ధంగా ఉంది. అడిగేవాళ్లు లేరు.

తలుపు తీసుకుని కౌశిక్ వచ్చాడు. "అయిందా?"

"లేదు సార్."

"సౌజన్యా, జీపు గేటు దగ్గరికి వచ్చింది."

"మావయ్య పోయాడు సార్."

ఆయనకి తెలుసు. మొహంలో తెలుస్తోంది. గోడ మీది రాతవైపు చూశాడు. "పూజకి ప్యానెల్ ఆపింది అతనేనట. ఆ మాట చెప్పు, అబద్ధం కాదు కదా. అతను ఆపాడు కాబట్టే ఇది ఆగింది."

అబద్ధం కాదు. మావయ్య ఆపాడు. ఆపానని చెప్పాడు కూడా. ఈ ఊళ్లో ఎవరైనా ఆపుతారు. మౌస్ మీంచి తీసిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది, దాని మీద రెండో చెయ్యి పెట్టింది. రిజిస్టర్ తెరిచి ఉంది. తోక ఉన్న నాలుగు. ఆ నాలుగుకి ఈ ప్రపంచంలో సాక్ష్యం ఈ తెర ఒక్కటే, ఆగిపోయి ఉన్నంతసేపే. "నేను ముట్టుకోను సార్" అంది. "మీరూ ముట్టుకోకండి." కౌశిక్ ఏదో అనబోయాడు. బయట మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించి ఆగాడు.

ఇన్‌స్పెక్టర్ 10.41కి లోపలికి వచ్చాడు. టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు. ముందు రిజిస్టర్ చూశాడు, తర్వాత తెర చూశాడు, మళ్లీ రిజిస్టర్ చూశాడు.

"యే చౌదహ్ కబ్ కా హై?" ఈ పద్నాలుగు ఎప్పటిది.

సౌజన్య లాగ్ ఫైల్ తెరిచింది. ఆఖరి వరస 17-09-2002, 09:12:30, 14. దాని కింద ఖాళీ. ఆయన వంగి చదివాడు. పెన్ను తీశాడు.

"కిస్‌నే బనాయా యే?" ఇది చేసిందెవరు.

"మైనే."

"నామ్?"

"బి. సౌజన్య."

"పితా కా నామ్?"

"బి. సూర్యం."

పెన్ను ఆగింది. ఆయన రిజిస్టర్‌లో పేరు చూశాడు, ఆమెను చూశాడు, రాసుకున్నాడు. 7.31 రిజిస్టర్‌లో 14, తెర మీద 14, అని రెండూ ఒకే వరసలో రాశాడు. కాగితం ఆమె ముందుకి జరిపాడు. ఆమె సంతకం పెట్టింది. సంతకం పక్కన టైమ్ వెయ్యాలి. తెర మీద గడియారం 10.52.17 చూపిస్తోంది. ఆయన అటు చూడలేదు. మణికట్టు తిప్పి తన వాచీ చూసుకుని 10.52 అని రాశాడు.